జీడి పెంకు నుంచి గ్రాంటు దాకా: ఒడిశా సరిహద్దు తెలుగువారు జీవ ఇంధన పరిశోధనకు ప్రభుత్వ నిధులు ఎలా తెచ్చుకోవాలి

జీడిపిక్క పెంకును ఎప్పుడైనా విరిచి చూశారా? రెండు పొరల మధ్య తేనెపట్టులా చిన్న చిన్న గదులుంటాయి. గోరుతో నొక్కితే ముదురు గోధుమరంగు నూనె ఊరుతుంది. చర్మానికి తగిలితే బొబ్బ లేస్తుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్ల చివర్లు ఏడాది పొడవునా నల్లగా ఉండేది ఆ నూనె వల్లే. అదే నూనెను శుద్ధి చేస్తే వాహనాల బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, రెజిన్లలో పనికొస్తుంది. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు పెరిగిన మనకు పెంకు అంటే పొయ్యిలో వేసేది, పొగతో గొంతు పట్టేసేది. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడానికే పరిశోధన కావాలి, పరిశోధనకు డబ్బు కావాలి. ఆ డబ్బు ప్రభుత్వం దగ్గర ఉంది. దాన్ని అడిగే పద్ధతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో ఉన్న తెలుగు అధ్యాపకులు, ఎమ్మెస్సీ, ఎంటెక్ చదివి ఇంటికి తిరిగొచ్చిన పిల్లలు, జీడి పరిశ్రమో రైస్ మిల్లో నడుపుతూ వ్యర్థాన్ని ఏం చేయాలో ఆలోచిస్తున్నవారు నా మనసులో ఉన్న పాఠకులు. నేను జీడి పెంకునే ఉదాహరణగా తీసుకుంటాను. మీ దగ్గర ఉన్నది వరిగడ్డి కావచ్చు, ఊక కావచ్చు, కొబ్బరి పీచు, కానుగ గింజలు, ఇప్పపిండి కావచ్చు. దారి ఒకటే.

మొదటి పని: కాటా

దరఖాస్తు ఫారం తెరవకండి. ముందు తూకం వేయండి.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. నా మొదటి ప్రతిపాదనలో జీడి పెంకు గురించి ముప్పై పేజీలు రాశాను. నిపుణుల కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన ఒకే ప్రశ్న అడిగారు: "మీరు వాడబోయే పెంకులో తేమ ఎంత?" నేను చెప్పిన అంకె వేరే రాష్ట్రం వాళ్లు ప్రచురించిన పత్రంలోది. "అది వాళ్ల పెంకు. మీ పెంకు సంగతి అడుగుతున్నాను," అన్నారాయన. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రతిపాదన తిరిగి వచ్చింది. తిరస్కరించినందుకు నాకు కోపం రాలేదు. ఆ ప్రశ్న నన్ను నేనే వేసుకోనందుకు చాలా రోజులు బాధపడ్డాను.

కాబట్టి ఇలా చేయండి. మీకు తెలిసిన రెండు మూడు పరిశ్రమల యజమానులతో మాట్లాడండి. పిక్కల లెక్క ఇక్కడ 80 కిలోల బస్తాల్లోనే నడుస్తుంది, మీరూ ఆ లెక్కలోనే మొదలుపెట్టండి. బస్తా పిక్కలు కొట్టాక పప్పు ఎంత వచ్చింది, పెంకు ఎంత మిగిలింది అన్నది మీ కళ్ల ముందు తూచండి. పిక్క బరువులో సుమారు 70 శాతం పెంకే ఉంటుందని అందరూ అంటారు. మీ చేతి లెక్కలో అది 66 వస్తే 66 అనే రాయండి. రోజుకు 50 బస్తాలు కొట్టే చోట 4,000 కిలోల పిక్కలు, అంటే దగ్గర దగ్గర 2,800 కిలోల పెంకు. ఏడాదిలో 200 రోజులు పని జరిగితే 560 టన్నులు. ఒక్క పరిశ్రమ లెక్క ఇది. ఈ అంకె ప్రతిపాదన మొదటి పేజీలో ఉంటే చదివేవారు నిటారుగా కూర్చుంటారు.

తూకం ఒక్కరోజుది సరిపోదు. ఏప్రిల్‌లో ఎండలో పడి ఉన్న పెంకు, ఆగస్టులో వానకు తడిసి ఆరిన పెంకు ఒకటి కావు. నెలకొకసారి అదే కుప్పలో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి పిడికెడు చొప్పున తీసి కలిపి, గాలి చొరని డబ్బాలో పెట్టి, తేదీ రాయండి. కాలేజీ ప్రయోగశాలలో 105 డిగ్రీల ఓవెన్ ఉంటే చాలు: 100 గ్రాములు తూచి లోపల పెట్టి, బరువు ఇక తగ్గని దాకా ఉంచి, మళ్లీ తూచండి. 88 గ్రాములు మిగిలితే తేమ 12 శాతం. ఇది ఇంటర్మీడియట్ విద్యార్థి కూడా చేయగల పని, కానీ చేసి చూపినవాళ్లు తక్కువ. బూడిద శాతం, ఉష్ణ విలువ తెలియాలంటే మఫిల్ ఫర్నేసు, బాంబ్ కెలోరీమీటరు కావాలి. అవి దగ్గరలో లేకపోతే భువనేశ్వర్‌లోని సీఎస్ఐఆర్ ఖనిజ, పదార్థ సాంకేతిక సంస్థ లాంటి చోట రుసుము కట్టి పరీక్షలు చేయించుకునే వీలుందేమో ముందుగా అడగండి. నమూనా పంపేటప్పుడు సగం మీ దగ్గరే దాచుకోండి. ఒకసారి నేను పంపిన డబ్బా ఒక ప్రయోగశాలలో నాలుగు నెలలు కదలలేదు. చివరికి మూత వదులైందని తెలిసింది. దాచుకున్న సగమే ఆ ఏడాదిని కాపాడింది.

తూకం ఇంకో మేలు కూడా చేస్తుంది: చెడ్డ ఆలోచనను డబ్బు ఖర్చు కాకముందే ఆపుతుంది. జీడిపండు సంగతే చూడండి. పిక్క బరువుకు ఐదు నుంచి పది రెట్లు బరువుండే పండు తోటలోనే కుళ్లిపోతుంది. దాన్ని చూసి అందరికీ వచ్చే మొదటి ఆలోచన ఇథనాల్. కాగితం మీద లెక్క వేద్దాం. టన్ను పండ్లు పిండితే 650 కిలోల రసం వచ్చిందనుకోండి. అందులో చక్కెర పది శాతం చొప్పున 65 కిలోలు. కిలో గ్లూకోజు పూర్తిగా పులిసినా 0.51 కిలోలకు మించి ఆల్కహాల్ రాదు. ఆ లెక్కన 33 కిలోలు, అంటే 42 లీటర్లు. అదీ ఒక్క చుక్క నష్టం లేకుండా. పండు కోసిన మర్నాటికే పాడవడం మొదలవుతుంది. పంట మార్చి నుంచి మే దాకా మాత్రమే. కొండ మీది తోట నుంచి టన్ను పండు కిందికి దించే కూలి ఎంతో మీకే తెలుసు. పైగా ఆల్కహాల్ తయారీ అంటే ఎక్సైజ్ అనుమతి తప్పదు. ఈ లెక్క వేశాక కూడా ఇథనాలే చేస్తానంటే చేయండి, కానీ మీ పరిశోధన ప్రశ్న మారుతుంది: తోట దగ్గరే రసాన్ని నిలవ ఉంచడం ఎలా, పిప్పిని ఏం చేయడం అని. మంచి ప్రశ్న అలాగే పుడుతుంది.

తోటల లెక్క కోసం కొండ గ్రామాలకు వెళ్లాల్సి వస్తుంది. గజపతి జిల్లా కొండల మీద జీడి పండించేవారిలో చాలామంది సవరలు. తెలుగు, ఒడియా వచ్చు కదా అని సరిపెట్టుకోకండి. సవర మాట్లాడగల కుర్రవాణ్ని వెంట తీసుకెళ్లండి, అతని రోజు కూలి మీ లెక్కల్లో రాయండి. ఈ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవరలకు చదువు చెప్పడానికి వాళ్ల భాష నేర్చుకున్నారు. మనం కనీసం ఒక మనిషినైనా తోడు తీసుకెళ్లవచ్చు.

రెండో పని: ఏ తలుపు తట్టాలో తేల్చుకోవడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పరిశోధనకు ఇచ్చే డబ్బు వేరు, కంపెనీ మొదలుపెట్టడానికి ఇచ్చేది వేరు, ప్లాంటు కట్టడానికి ఇచ్చే సాయం వేరు. ఒకదానికి రాసింది ఇంకోదానికి పంపితే మంచి ఆలోచన కూడా చెత్తబుట్టలో పడుతుంది.

మీ ప్రశ్నకు ఇంకా జవాబు తెలియదనుకోండి. ఉదాహరణకు, జీడి పెంకు నూనె నుంచి కార్డనాల్ అనే రసాయనాన్ని తక్కువ వేడితో వేరు చేయవచ్చా అన్నది. అది పరిశోధన. దానికి కేంద్ర జీవ సాంకేతిక శాఖ ఒక తలుపు. 1986లో ఏర్పడిన ఈ శాఖను అందరూ డీబీటీ అంటారు. అది అంశాల వారీగా ప్రకటనలు ఇస్తుంది, దరఖాస్తులు ఈ-ప్రోమిస్ పోర్టల్‌లో తీసుకుంటుంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయోఈ3 అనే విధానాన్ని ఆమోదించింది. జీవ పదార్థాల నుంచి విలువైన రసాయనాలు, పాలిమర్లు, ఎంజైములు తయారుచేయడం అందులో మొదటి వరుసలో ఉంది. మన పెంకు నూనె సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. కాబట్టి ప్రతిపాదనలో "వ్యర్థాల నిర్వహణ" అని మొదలుపెట్టకుండా "జీవాధార రసాయనం" అని మొదలుపెట్టండి. పని అదే అయినా చదివే కమిటీ మారిపోతుంది.

విశ్వవిద్యాలయ అధ్యాపకులకు రెండో తలుపు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్. 2023 చట్టంతో ఏర్పడి, పాత సెర్బ్ (శాస్త్ర, ఇంజనీరింగ్ పరిశోధన మండలి) స్థానంలోకి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారి కోసం ప్రధానమంత్రి పేరుతో ఉన్న తొలి దశ పరిశోధన గ్రాంటులో మూడేళ్లకు 60 లక్షల రూపాయల దాకా ఇస్తారు, సంస్థాగత ఖర్చులు అదనం. బరంపురం, కొరాపుట్ లాంటి చోట్ల విశ్వవిద్యాలయాల్లో చేరిన తెలుగు యువ అధ్యాపకులు దీన్ని వదులుకోకూడదు. వయసు షరతు ఉంటుంది కనుక ఏళ్లు గడవనివ్వకండి.

ఇంధనమే మీ విషయమైతే, అంటే పెల్లెట్లు, గ్యాసిఫయర్, బయోగ్యాస్ లాంటివైతే, నవ్య, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖను చూడండి. దాని పరిశోధన పథకం కింద ప్రభుత్వ, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు ఖర్చులో 100 శాతం దాకా, పరిశ్రమలకు, అంకుర సంస్థలకు, ప్రైవేటు విద్యాసంస్థలకు 70 శాతం దాకా సాయం అందుతుంది. మిగిలిన 30 శాతం ఎవరు పెడతారో మొదటి రోజే తేల్చుకోవాలి. "యాజమాన్యం పెడుతుంది" అని నోటిమాట వినిపిస్తే, అది కాగితం మీదికి వచ్చేదాకా ముందుకు కదలకండి.

ఆలోచన ప్రయోగశాల దాటి నమూనా వస్తువుగా మారబోతుంటే తలుపు బైరాక్. డీబీటీ 2012లో ఏర్పాటు చేసిన సంస్థ ఇది. అది ఇచ్చే బిగ్ (బయోటెక్నాలజీ ఇగ్నిషన్) గ్రాంటు 50 లక్షల రూపాయల దాకా, 18 నెలల దాకా. జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి దరఖాస్తులు తెరుచుకుంటాయి. దీన్ని దేశంలో కొన్ని ఇంక్యుబేటర్ల ద్వారా, అంటే కొత్త సంస్థలను నిలబెట్టే కేంద్రాల ద్వారా నడుపుతారు. మనకు దగ్గరలో భువనేశ్వర్‌లోని కీట్ టెక్నాలజీ బిజినెస్ ఇంక్యుబేటర్ అలాంటిదే. డిగ్రీ చేతబట్టుకుని ఊరికి వచ్చిన పిల్లలకు నా ఓటు దీనికే. ఎందుకంటే ఇక్కడ ఉద్యోగ హోదా అడగరు. ఆలోచన కొత్తదేనా, నిలబడుతుందా అని మాత్రమే అడుగుతారు.

ప్లాంటు కట్టే సాయం ఈ వ్యాసం విషయం కాదు, కానీ గందరగోళం తీరడానికి రెండు ముక్కలు. 2022 నవంబరులో ప్రకటించిన జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం మొదటి దశకు 858 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ మార్గదర్శకాల్లో బ్రికెట్ల (వ్యర్థాన్ని నొక్కి చేసే ఇంధన దిమ్మల) ప్లాంటుకు గంటకు టన్ను సామర్థ్యానికి 9 లక్షల చొప్పున, గరిష్ఠంగా 45 లక్షల సాయం పెట్టారు. ఆ దశ కాలపరిమితి 2026 మార్చి 31 దాకా. మీరు అడిగే నాటికి ఏ నిబంధన అమల్లో ఉందో పోర్టల్‌లో చూసుకోవాలి. ఇక 2019లో 1,969.50 కోట్లతో మొదలై, 2024లో మార్పులతో 2028-29 దాకా పొడిగించిన ప్రధానమంత్రి జీవన్ యోజన పెద్దవాళ్ల పథకం. అందులో ప్రదర్శన స్థాయి ప్రాజెక్టుకే 15 కోట్ల దాకా సాయం. వరిగడ్డి నుంచి ఇథనాల్ తీయడానికి మన ఒడిశాలోనే బర్గఢ్ జిల్లాలో భారత్ పెట్రోలియం కట్టిన రిఫైనరీ ఆ కొలతల్లో ఉంటుంది. మనం అక్కడికి పోనక్కర్లేదు. కానీ అంత పెద్ద ప్లాంటుకూ ఏదో ఒక ప్రయోగశాలలో గాజు ఫ్లాస్కులోనే పునాది పడుతుందని గుర్తుంచుకోండి.

ప్రభుత్వ పరిశోధన డబ్బు నేల మీద ఏం చేయగలదో చూడాలనుంటే హైదరాబాద్ వెళ్లినప్పుడు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టుకు వెళ్లండి. రోజుకు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం తీసే ప్లాంటు అక్కడ పెట్టారు. ఆ సాంకేతికత హైదరాబాద్‌లోని సీఎస్ఐఆర్ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీది, నిధులు డీబీటీవి. నిన్నటి దాకా దుర్వాసన వచ్చిన చెత్తతో మార్కెట్టు దీపాలు వెలుగుతుంటే చూడటం వేరే అనుభవం.

మూడో పని: గొడుగు

చాలా పరిశోధన పథకాల్లో డబ్బు మనిషికి రాదు, సంస్థకు వస్తుంది. ఆ సంస్థ తరఫున మీరు ప్రధాన పరిశోధకులు. కాబట్టి మీ పైన ఒక గొడుగు ఉండాలి. ప్రభుత్వ కాలేజీ, విశ్వవిద్యాలయం అయితే ఇబ్బంది తక్కువ. ప్రైవేటు సంస్థకో స్వచ్ఛంద సంస్థకో అయితే, శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన శాఖ పరిశోధన సంస్థలకు ఇచ్చే సీరో గుర్తింపు ఉందా, దాని గడువు ఎప్పటిదాకా అని ముందే అడగండి. స్వచ్ఛంద సంస్థకు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నమోదు సంఖ్య కూడా కావాలి. గడువు తీరిన గుర్తింపు పత్రం జతచేసి ఏడాది పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

మీరు మిల్లు నడిపేవారైతే దగ్గర్లోని కాలేజీ అధ్యాపకుణ్ని ప్రధాన పరిశోధకుడిగా, మిమ్మల్ని పరిశ్రమ భాగస్వామిగా పెట్టుకోండి. మీరిచ్చే పెంకు, జాగా, కరెంటు కూడా మీ వాటాగా లెక్కలో చూపించే వీలుందేమో నిబంధనల్లో చూడండి. మాట ఏదైనా ఒప్పందంగా రాసుకోండి: నమూనా ఎవరిది, ఫలితం ఎవరిది, పేటెంటు వస్తే ఎవరి పేరు. బంధువులైనా సరే. బంధువులైతే మరీ.

నాలుగో పని: రాయడం

ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. అయినా మొదటి పేజీ తెలుగులో రాయండి. మనం ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కాగితం మీద ఇంగ్లీషు వాడేవాళ్లం. ఆలోచన మాత్రం తెలుగులోనే ముందు తేటపడుతుంది. ఒక పేజీలో నాలుగు సంగతులు ఉండాలి: మన దగ్గర ఏం ఉంది, ఎంత ఉంది, ఇప్పుడు దాన్ని ఏం చేస్తున్నారు, నేను ఏం మార్చి చూస్తాను. రాసింది మీ అమ్మగారికో మిల్లు మేస్త్రీకో చదివి వినిపించండి. వాళ్లు "అయితే?" అని అడిగిన చోటల్లా రాత పలచగా ఉందని అర్థం. అది బాగయ్యాకే ఇంగ్లీషు పేజీ మొదలుపెట్టండి.

ఇంతకుముందు ఎవరేం చేశారో రాసే భాగంలో వందల పత్రాల పేర్లు గుప్పించవద్దు. జీడి పెంకు నూనె మీద దశాబ్దాలుగా పని జరిగింది, కమిటీలో కూర్చున్నవారికి అది మనకన్నా బాగా తెలుసు. వాళ్లు వెతికేది ఒక్క వాక్యం: ఇంతమంది చేశాక కూడా మిగిలిపోయిన ఖాళీ ఏమిటి? నా రెండో ప్రతిపాదనలో రాసిన ఖాళీ ఇది: చిన్న పరిశ్రమల్లో పిక్కను ఉడికించే తీరును బట్టి పెంకు నూనె గుణం మారుతుంది, మన జిల్లా తీరుకు ఎవరూ కొలిచి చూడలేదు. పెద్ద మాటలు లేవు. అది నిలబడింది.

లక్ష్యాలు మూడింటికి మించవద్దు. ప్రతి లక్ష్యానికీ కొలత ఉండాలి. "నాణ్యమైన నూనె తీయడం" లక్ష్యం కాదు. "కిలో పొడి పెంకు నుంచి ఇంత నూనె, అందులో కార్డనాల్ ఇంత శాతం, ఇన్ని నెలల్లో" అన్నది లక్ష్యం. సాంకేతిక సంసిద్ధత స్థాయి అని, ఆలోచన వాడుకకు ఎంత దగ్గరగా వచ్చిందో చెప్పే 1 నుంచి 9 దాకా ఒక మెట్ల వరుస అడుగుతారు. నిజం చెప్పండి. ఫ్లాస్కులో పనిచేసింది మూడో నాలుగో మెట్టు. దాన్ని ఏడు అని రాస్తే మొదటి ప్రశ్నకే కిందికి దిగాల్సి వస్తుంది.

ఐదో పని: ఖర్చుల పట్టిక

దీన్ని చివరి రాత్రికి వదిలేయకండి. కమిటీ మీ నిజాయితీని అంచనా వేసేది ఇక్కడే అని నా నమ్మకం.

పరికరాలకు కొటేషన్లు తెప్పించండి, పాతవి కాదు, ఈ ఏడాదివి. రవాణా, బిగింపు, పన్ను అన్నీ కలిపి ధర అడగండి. మన ఊళ్లకు సామాను చేరే రవాణా ఖర్చు పెద్ద నగరాల ధరల పట్టికలో ఉండదు. పక్క సంస్థలో ఉన్న ఖరీదైన యంత్రాన్ని మళ్లీ కొంటామంటే నిలదీస్తారు, సరిగానే నిలదీస్తారు. దాని వాడకానికి రుసుము చూపించండి. మీ దగ్గర తప్పనిసరిగా ఉండాల్సింది ఏదో, ఎందుకో ఒక్కో వాక్యంలో రాయండి. నిమిషానికి ఒకసారి కరెంటు ఎగిరే చోట పనిచేసేవారైతే స్టెబిలైజరు, బ్యాటరీ బ్యాకప్ పట్టికలో పెట్టడానికి మొహమాటపడకండి.

పరిశోధక విద్యార్థికి ఇచ్చే మొత్తం మన ఇష్టం కాదు. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్‌కు (సీనియర్‌కు) 42,000, ఇంటి అద్దె భత్యం వేరుగా. దీన్ని తగ్గించి చూపిస్తే డబ్బు ఆదా చేసినట్టు అవదు. మధ్యలో విద్యార్థి వేరే చోటికి వెళ్లిపోతే పని ఆగిపోతుంది.

రసాయనాలు, గాజుసామాను, ప్రయాణాలు విడివిడిగా చూపండి. ప్రయాణాల్లో కొండ గ్రామాలకు తిరిగే జీపు అద్దె కూడా రాయండి. తోట నుంచి నమూనా తెచ్చిన రైతుకు ఇచ్చే డబ్బు ఏ పద్దులో వస్తుందో ముందే మీ సంస్థ లెక్కల విభాగాన్ని అడగండి. ఆ రైతుకు ఉచితంగా తీసుకున్న బస్తా గుర్తుంటుంది. వచ్చే ఏడాది మీరు మళ్లీ వెళ్లాల్సిన ఇల్లు అది.

అనుమతులు

అడవి నుంచి వచ్చే ఇప్ప, కానుగ లాంటి వాటితో పనిచేస్తే ఇది దాటవేయలేని మెట్టు. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు, గజపతిలో కొంత భాగం. అటవీ హక్కుల చట్టం 2006 ప్రకారం చిన్న అటవీ ఉత్పత్తులపై హక్కు అక్కడి గిరిజనులది, తరతరాలుగా అడవిపై ఆధారపడిన ఇతరులది. గ్రామసభలో విషయం చెప్పి, వాళ్ల తీర్మానం కాగితం తీసుకుని పని మొదలుపెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టానికి 2023లో సవరణలు వచ్చాయి. వ్యాపార వినియోగం ఉంటే రాష్ట్ర జీవవైవిధ్య మండలిని, పేటెంటు ఆలోచన ఉంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను ముందే సంప్రదించండి. విదేశీ విశ్వవిద్యాలయం భాగస్వామి అయితే నిబంధనలు ఇంకా గట్టివి. ప్రాధికార సంస్థ అనుమతి కాగితం లేకుండా నమూనా దేశం దాటకూడదు.

పంపడం, నిలబడటం

పోర్టల్‌లో నమోదు ప్రకటన రాకముందే చేసుకోండి. సంస్థ అధిపతి సంతకంతో ఇచ్చే సమ్మతి పత్రం నమూనా ఫారంలోనే ఉంటుంది, దానిలో ఒక్క పదం కూడా మార్చకండి. గడువుకు వారం ముందే పంపండి. చివరి రోజు పోర్టల్ నెమ్మదిస్తుంది, మన వైపు నెట్టు అంతకన్నా నెమ్మదిస్తుంది.

పిలుపు వస్తే మాట్లాడటానికి ఇచ్చే సమయం చాలా తక్కువ. మొదటి స్లైడులోనే పెంకు కుప్ప ఫొటో, పక్కన మీరు తూచిన అంకె పెట్టండి. తెలియని ప్రశ్నకు "ఇంకా కొలవలేదు, ఫలానా నెలలో కొలుస్తాం" అని చెప్పండి. రెండోసారి వెళ్లినప్పుడు నన్ను కూడా తేమ గురించే అడిగారు. పన్నెండు నెలల పట్టిక తెరిచి చూపించాను. తర్వాతి ప్రశ్నలన్నీ పని ఎలా చేస్తారన్నదాని మీదే సాగాయి.

తిరస్కరిస్తే కమిటీ వ్యాఖ్యలు అడిగి తెప్పించుకోండి. రెండు రోజులు పక్కన పెట్టి, మూడో రోజు చదవండి. ప్రతి వ్యాఖ్య కింద మీ జవాబు, దానికి చేయాల్సిన ప్రయోగం రాయండి. సగం వ్యాఖ్యలు మీ రాత తేటగా లేకపోవడం వల్ల వచ్చినవని తేలుతుంది. మిగతా సగం నిజమైన లోపాలు, వాటి కోసం వాళ్లకు కృతజ్ఞత చెప్పుకోవాలి.

డబ్బు వచ్చాక

మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున మిఠాయి పంచాక, ఆ ఉత్తర్వును మూడుసార్లు చదవండి. ఏ పద్దుకు ఎంత, ఒక పద్దు నుంచి ఇంకోదానికి మార్చాలంటే ఎవరి అనుమతి, నివేదిక ఎప్పుడు అన్నీ అందులోనే ఉంటాయి. డబ్బు విడతలుగా వస్తుంది. రెండో విడత రావాలంటే మొదటి విడత వినియోగ ధ్రువపత్రం వెళ్లాలి. అది సాధారణ ఆర్థిక నియమావళి 2017లోని 12-ఎ ఫారంలో ఉండాలి. ఖాతాలో పడిన డబ్బు మీద వచ్చిన వడ్డీ మనది కాదు, లెక్క తేలాక భారత ప్రభుత్వ సంచిత నిధికి తిరిగి కట్టాలి. తెలియక ఆ వడ్డీతో రసాయనాలు కొని, తర్వాత సొంత జేబు నుంచి కట్టిన ఒక అధ్యాపకుణ్ని చూశాను. ప్రభుత్వ సంస్థలైతే చాలా కొనుగోళ్లు ప్రభుత్వ ఆన్‌లైన్ అంగడి అయిన జెమ్ పోర్టల్ ద్వారా చేయాలి, దానికి పట్టే సమయాన్ని మీ పని క్యాలెండరులో కలుపుకోండి. జీడి మే నెలలో అయిపోతుంది, యంత్రం జూన్‌లో వస్తే ఏడాది పోయినట్టే.

ఒక స్టాకు రిజిస్టరు, ఒక తూకం పుస్తకం, ఒక ప్రయోగాల పుస్తకం పెట్టండి. మూడింట్లోనూ తేదీ, సంతకం ఉండాలి. పెన్సిలుతో రాయవద్దు. ఇంకో మాట: పెంకు నూనెతో పనిచేసే పిల్లలకు నైట్రైల్ చేతితొడుగులు, కళ్లజోళ్లు మొదటి రోజునే కొనివ్వండి. ఆ నల్లబడిన వేళ్లు చూసే ఈ పని మొదలుపెట్టాం, మన ప్రయోగశాలలో ఇంకో జత చేతులు అలా కాకూడదు.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? బిగ్ తలుపు జనవరిలో తెరుచుకుంటుంది, జీడి మార్చిలో దిగుతుంది. ఈ జనవరికి తొందరపడి అంకెలు లేని కాగితం పంపకండి. ఫిబ్రవరిలో ఒక కాటా, రెండు డజన్ల మూత గట్టి డబ్బాలు, ఒక పుస్తకం కొనండి. మార్చి మొదటి బస్తా దగ్గర నిలబడి తూయండి. జూన్ నెలాఖరుకు నాలుగు నెలల లెక్క మీ చేతిలో ఉంటుంది, జులై ప్రకటనకు అది చాలు. కొనే డబ్బాలు గాజువైతే మేలు. పెంకు నూనె పలచటి ప్లాస్టిక్ మూతల్ని మెత్తబరుస్తుంది.